ఐర్లాండ్ వచ్చి ఆరు వారాలు: అందరికీ ఇలాగే ఉంటుందా, నాకేనా?

ఖమ్మం_మిర్చి
ఈ 2025 సెప్టెంబర్ మొదట్లో డబ్లిన్ వచ్చాను, ఎమ్మెస్సీకి. ఆరు వారాలు దాటింది. మూడు బెడ్‌రూముల ఇంట్లో ఏడుగురు ఆడపిల్లలం, బాత్రూమ్ ఒక్కటే. తొమ్మిదింటి క్లాసుకి ఆరింటికే లేచి స్నానానికి వరస కట్టాలి. నాలుగో మనిషి బయటికొచ్చేసరికి వేడినీళ్ళు అయిపోతాయి. నేను ఐదో మనిషిని.

ఒక షాపులో పార్ట్‌టైమ్ దొరికింది. దొరికిందన్న సంతోషం మొదటి జీతం వచ్చేదాకే. పీపీఎస్ నంబర్ (మన ఆధార్, పాన్ లాంటిది) లేదని దాదాపు సగం పన్ను కింద పట్టుకున్నారు. పీపీఎస్‌కి అప్లై చేద్దామంటే అడ్రస్ ప్రూఫ్ కావాలి. కరెంటు బిల్లు నా పేరు మీద లేదు, ఓనరేమో ఉత్తరం రాసివ్వనంటాడు. ఏడుగురు ఉంటున్నారని బయటపడుతుందని భయమనుకుంటా.

మొన్న దీపావళికి టపాసులు ఇక్కడ చట్టప్రకారం కాల్చకూడదన్నారు. సరేనని నాలుగు దీపాలు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాం. బయట మాత్రం హాలోవీన్ వస్తోందని వీధి పిల్లలు అర్ధరాత్రి దాకా ఢమఢమ పేలుస్తూనే ఉన్నారు.

ఫోన్ చేస్తే నాన్న మొదట అడిగేది "సెటిలయ్యావా అమ్మా?" అని. అయ్యాను నాన్నా అంటాను. నిన్న అలా చెప్పి, ఫోన్ పెట్టేసి, మెట్లమీద కూర్చుని అరగంట ఏడ్చాను. నాతోపాటు ఫ్లైట్ ఎక్కినవాళ్ళంతా స్టేటస్‌లో క్లిఫ్స్ ఆఫ్ మోహర్ ఫోటోలు పెడుతున్నారు. నాకొక్కదానికేనా ఇలా? అసలు ఎన్నాళ్ళకి కుదురుకుంటారు?

తాడేపల్లి_తాబేలు
ఆ మోహర్ ఫోటోలు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నా. ఆ ట్రిప్ డబ్బులు రూమ్మేట్ దగ్గర అప్పు తెచ్చినవి. ఇంకా తీర్చలేదు. ఆ నవ్వు చూసి మోసపోకు.

పదేళ్ళ_పాతకాపు
పని జరగాల్సినవి ముందు చెప్తాను, ఏడుపు సంగతి తర్వాత చూద్దాం.

పీపీఎస్‌కి బిల్లు నీ పేరు మీదే ఉండాలని లేదు. ఆ ఇంట్లో ఎవరి పేరుమీద బిల్లు వస్తుందో ఆ అమ్మాయి చేత, "ఫలానా అమ్మాయి మా ఇంట్లోనే ఉంటోంది" అని బిల్లు కాపీ మీదే రెండు ముక్కలు రాయించి సంతకం పెట్టించు. స్నేహితుల దగ్గర ఉండేవాళ్ళ కోసం ఉన్న పద్ధతే ఇది. ఓనర్‌తో పనిలేదు. కాలేజీ వాళ్ళు కూడా అడ్రస్ రాసి ఉత్తరం ఇస్తారు, అడుగు. మైవెల్ఫేర్ సైట్‌లో అప్లై చేసేటప్పుడు ఎందుకు కావాలన్న చోట షాపువాళ్ళిచ్చిన ఆఫర్ లెటర్ పెట్టు.

పోయిన జీతం ఎక్కడికీ పోలేదు. దాన్ని ఎమర్జెన్సీ టాక్స్ అంటారు. నంబర్ లేకపోతే మొత్తం మీద 40 శాతం, పైన యూఎస్‌సీ అనే ఇంకో పన్ను 8 శాతం పట్టుకుంటారు. నంబర్ వచ్చాక రెవెన్యూ (ఇక్కడి పన్నుల శాఖ) సైట్‌లో మైఅకౌంట్ తెరిచి ఈ ఉద్యోగం నమోదు చేసుకుంటే, తర్వాతి జీతంతో కలిపి వెనక్కి వస్తుంది. ఈ ఏడాది (2025) లెక్కన 20,000 యూరోల లోపు జీతానికి ఆదాయపన్ను పడదు, 13,000 దాటకపోతే యూఎస్‌సీ కూడా లేదు. నువ్వు వారానికి 20 గంటలు, గంటకి 13.50 చొప్పున చేస్తే 270. ఏడాది మధ్యలో వచ్చావు కాబట్టి ఈ ఏడాది అది 270గానే చేతికొస్తుంది.

ఐఆర్‌పీ (ఇక్కడ ఉండటానికి ఇమ్మిగ్రేషన్ వాళ్ళిచ్చే కార్డు) అయిందా? వచ్చిన 90 రోజుల్లో చేయించుకోవాలి, 300 యూరోలు. ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకో.

ఖమ్మం_మిర్చి
బిల్లు కాపీ మీద రాయిస్తే చాలా? ఇంత చిన్న సంగతి ఎవరూ చెప్పలేదు! బిల్లు మా ఇంట్లో విజయనగరం అమ్మాయి పేరు మీద వస్తుంది. ఇవాళే రాయిస్తా. ఐఆర్‌పీకి బర్గ్ కీ ఆఫీసులో నవంబర్‌లో అపాయింట్‌మెంట్ ఉంది.

ప్రాక్టికల్_ప్రసాద్
ఇన్ని తంటాలెందుకు? చేతికి డబ్బులిచ్చే చోట్లు బోలెడున్నాయి. పీపీఎస్ అక్కర్లేదు, టాక్స్ లేదు, 20 గంటల లెక్క లేదు. నేను వారానికి 35 చేస్తున్నా. ఫీజు అప్పు ఎవడు కడతాడు మరి?

పదేళ్ళ_పాతకాపు
ప్రసాద్, నువ్వు చేస్తే చేసుకో. కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పకు. స్టాంప్ 2 (స్టూడెంట్లకిచ్చే అనుమతి) మీద చదువు రోజుల్లో వారానికి 20 గంటలు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, మళ్ళీ డిసెంబర్ 15 నుంచి జనవరి 15 దాకా 40. ఇది దాటి దొరికితే స్టాంప్ 1జీ దగ్గరే కథ ఆగిపోతుంది. మాస్టర్స్ అయినవాళ్ళకి రెండేళ్ళు ఉద్యోగం వెతుక్కునే అవకాశం అది. గంటకి ఎనిమిది యూరోల కోసం దాన్ని పణంగా పెడతావా?

ప్రాక్టికల్_ప్రసాద్
ఎనిమిది కాదు, తొమ్మిది.

నైట్‌డ్యూటీ_నర్సు
తొమ్మిదిట! గంటకి నాలుగున్నర నష్టపోతూ లాభమొస్తోందని చెప్పే మనిషిని ఇప్పుడే చూస్తున్నా. 2026 జనవరి నుంచి కనీస వేతనం 14.15 అవుతోంది, అప్పుడు నష్టం ఐదు దాటుతుంది, లెక్క రాసి పెట్టుకో బాబూ. రేపు ఆ వంటింట్లో నూనె మీద పడితే నువ్వు అక్కడ పనిచేస్తున్నట్టు ఏ కాగితమూ ఉండదు. అలాంటి వాళ్ళని చేతికి కట్టు కట్టి పంపిన రాత్రులున్నాయి నాకు.

వేదిక_పెద్దక్క
ఫలానా చోట చేతికి డబ్బులిస్తారు అని పేర్లు రాసిన రెండు పోస్టులు తీసేశాను. వాదించుకోండి, చిరునామాలు వద్దు.

లిమరిక్_లోకం
అందరూ డబ్లిన్, డబ్లిన్ అని ఎగబడితే ఇలాగే ఉంటుంది. నేను లిమరిక్‌లో ఉంటా. సింగిల్ రూమ్, 520. కాలేజీకి నడిచి పన్నెండు నిమిషాలు. షానన్ నది పక్కనే, మా రాజమండ్రి గోదారంత కాదుగానీ సాయంత్రం గట్టున కూర్చోవడానికి చాలు.

బోడుప్పల్_బుల్లెట్
పార్ట్‌టైమ్ దొరికిందా అన్నా లిమరిక్‌లో?

లిమరిక్_లోకం
ఆ ప్రశ్న అడక్కూడదు.

సీసా_సాంబయ్య
520కి సింగిలా! నేను డబ్లిన్‌లో ఆ డబ్బుకి బంక్ బెడ్ పై అంతస్తులో పడుకుంటున్నా. కింద వాడు గురక పెడితే నాకు భూకంపం.

కార్క్_కాకరకాయ
మిర్చి అమ్మాయికి ఒక మాట. నీ ఇబ్బంది బాత్రూమ్ కాదు. ఐర్లాండ్ వచ్చి కూడా ఖమ్మం, విజయనగరం, కరీంనగర్ మధ్యే ఉన్నావు. తెలుగు ఇంట్లోంచి బయటపడు. నేను మొదటి నెలలోనే మారిపోయాను. బ్రెజిల్ వాళ్ళు ఇద్దరు, ఇటలీ అమ్మాయి, నేను. ఇంగ్లీషు వచ్చింది, స్నేహితులొచ్చారు.

నెల్లూరు_చేపలపులుసు
కాకరకాయ గారూ, అందరికీ అది పడదు. నేను డిగ్స్‌లో ఉన్నాను, ఒక ఐరిష్ పెద్దావిడ ఇంట్లో. చాలా మంచావిడ, ఇప్పటికీ క్రిస్మస్‌కి కార్డు పంపుతుంది. కానీ సోమవారం నుంచి శుక్రవారం దాకే ఉండాలి, శని ఆదివారాలు నా దారి నేను చూసుకోవాలి. రాత్రి ఏడు దాటాక వంటిల్లు వాడకూడదు. ఒకసారి చింతపండు పులుసు పెట్టాను. ఆవిడ మెల్లగా వచ్చి, ఏమైనా పాడైందా నాన్నా అని అడిగింది. ఆ తర్వాత నాలుగు నెలలు పెరుగన్నం, బ్రెడ్డు. జ్వరమొచ్చిన రోజు మాత్రం టీ పెట్టిచ్చి గంటగంటకీ తలుపు కొట్టింది.

తెలుగు ఇంటికి మారాక మొదటిరోజు నా బదులు ఎవరో రసం పెట్టారు. ఆ వాసనకే సగం కుదురుకున్నట్టు అనిపించింది. ఇంగ్లీషు కాలేజీలో నేర్చుకోవచ్చు లెండి.

కార్క్_కాకరకాయ
నేను తెలుగువాళ్ళని తిట్టలేదు. ఏడుగురున్న ఇంట్లో ఎవరికీ ఒంటరిగా ఏడ్చే చోటు కూడా ఉండదు, ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చోవాల్సి వచ్చింది, చూశారా? నా మాట అదీ.

నెల్లూరు_చేపలపులుసు
ఈ మాట ఒప్పుకుంటా.

పాలమూరు_పిట్ట
ఇదంతా కాదు, వేడినీళ్ళ సంగతి ఎవరూ అడగలేదేం? మిర్చీ, మీ ఇంట్లో హాట్ ప్రెస్ ఉందా? దానిలో స్విచ్ చూశారా?

ఖమ్మం_మిర్చి
హాట్ ప్రెస్ అంటే? ఇస్త్రీ పెట్టెనా? ఇస్త్రీ పెట్టె లేదక్కా, బట్టలు అలాగే వేసుకుని వెళ్తున్నాం.

పాలమూరు_పిట్ట
అయ్యో తల్లీ 😂 ఇక్కడ ప్రెస్ అంటే అల్మారా. హాట్ ప్రెస్ అంటే నీళ్ళ ట్యాంకు ఉండే వెచ్చటి అల్మారా, సాధారణంగా పైన మెట్ల దగ్గర ఉంటుంది. దానిలో ఇమర్షన్ స్విచ్ ఉంటుంది. ఆ స్విచ్‌కి రెండు వైపులు: ఒకవైపు సింక్, ఒకవైపు బాత్. సింక్ మీద పెడితే ట్యాంకులో పైనున్న కాసిన్ని నీళ్ళే కాగుతాయి, గిన్నెలు కడుక్కోవడానికి. బాత్ మీద పెడితే ట్యాంకు మొత్తం. వెళ్ళి చూసి చెప్పు.

ఖమ్మం_మిర్చి
చూశాను. సింక్ మీద ఉంది.

ఆరు వారాలు. ఏడుగురం. అందులో నలుగురం బీటెక్, ఒకమ్మాయి ఎలక్ట్రికల్.

సీసా_సాంబయ్య
ఎలక్ట్రికల్ 😂😂😂 ఆ అమ్మాయి పేరు మాత్రం చెప్పకు.

పదేళ్ళ_పాతకాపు
గంట సేపు వేసి ఆపేయండి, రోజంతా వదిలేస్తే రెండు నెలలకొచ్చే కరెంటు బిల్లు చూసి మళ్ళీ మెట్లమీద కూర్చోవాల్సి వస్తుంది. ఇమర్షన్ ఆపకుండా ఊరెళ్ళిపోయామేమో అన్న బెంగ ఇక్కడి ప్రతి తల్లికీ ఉంటుంది. మన అమ్మలకి గ్యాస్ ఆపామా లేదా అన్నట్టు.

బోడుప్పల్_బుల్లెట్
ప్రెస్ అంటే గుర్తొచ్చింది. నేను చేరిన మొదటిరోజు మేనేజర్ కప్పులు ప్రెస్‌లో పెట్టమంది. పది నిమిషాలు తిరిగాను ఇస్త్రీ బల్ల కోసం. ఇంకోరోజు "షీ వాజ్ గివింగ్ అవుట్ టు మీ" అని ఒకడన్నాడు. ఏమిచ్చిందిరా అని అడిగాను. తిట్టిందట.

నంద్యాల_నవాబు
హౌ ఆర్ యూ అని అడిగి జవాబు వినకుండా వెళ్ళిపోతారు కదా, దాని సంగతి చెప్పండి. నేను మొదటి వారం ఆగి మరీ చెప్పేవాణ్ణి, కాస్త జలుబు చేసింది, రాత్రి నిద్రపట్టలేదు అని. పాపం వాళ్ళు ఇరుక్కుపోయి వినేవారు. మన "భోంచేశారా" లాంటిదే అని తెలియడానికి నెల పట్టింది. ఏం చెప్పినా "గ్రాండ్" అంటే సరిపోతుంది.

తాడేపల్లి_తాబేలు
వీళ్ళ పేర్లు రాసేదొకటి, పలికేదొకటి. నేను రైల్లో డన్ లావోగైర్ ఎక్కడని అడిగా. అందరూ తలలు గోక్కున్నారు. డన్ లీరీ అట!

కృష్ణా_కెనాల్
మన పేర్లు మాత్రం తక్కువా? పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, అసలు పేరు చివర. మా క్లాసులో ముగ్గురు సాయిలున్నారు. ఆ ముగ్గురిలో ఎవణ్ణీ ఇంట్లో సాయి అని పిలవరు. మాస్టారు సాయి అనగానే ముగ్గురూ తలెత్తరు, ఆయనేమో వాళ్ళు రాలేదనుకుంటాడు. ఇంకో అమ్మాయిని సెమిస్టర్ అంతా ఇంటిపేరుతో పిలిచారు. అది కాదని చెప్పడానికి ఆ అమ్మాయి మొహమాటపడింది. ఇప్పుడు మేం కూడా అలాగే పిలుస్తున్నాం.

ఖమ్మం_మిర్చి
నన్నూ ఇంటిపేరుతోనే పిలుస్తున్నారు. నేను కూడా సరిదిద్దలేదు. 🙈

ఇంకొకటి చెప్పాలి, నవ్వకండి. మొదటి అసైన్‌మెంట్‌లో 62 వచ్చింది. బీటెక్‌లో నాకు ఎప్పుడూ 85 తగ్గలేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

అర్ధరాత్రి_అసైన్‌మెంట్
62 అంటే బాగా వచ్చినట్టు. ఇక్కడ 70 దాటితే ఫస్ట్ క్లాస్ ఆనర్స్. 80 ఇచ్చారంటే మాస్టారికి ఆ రోజు ఇంట్లో ఏదో శుభకార్యం. నాకు మొదటిసారి 48 వచ్చింది, కారణం చెప్తా విను. మన దగ్గర పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే మార్కులు. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తే టర్నిటిన్ (కాపీని కనిపెట్టే సాఫ్ట్‌వేర్) పట్టుకుంటుంది. ఎక్కడినుంచి తీసుకున్నావో ప్రతిచోటా రాయాలి, ఆపైన నువ్వేమనుకుంటున్నావో రాయాలి. ఆ రెండోది నాకు అలవాటు లేదు. నేనేమనుకుంటున్నానో ఇరవై రెండేళ్ళలో ఎవరూ అడగలేదు.

ఆఫీస్ అవర్స్ అని పెడతారు, వెళ్ళు. నేను భయపడి రెండు నెలలు వెళ్ళలేదు. వెళ్తే ఆయన నా 48 పేపరు తీసి పదిహేను నిమిషాలు ఓపికగా చెప్పాడు. సార్ అంటే మాత్రం ఇబ్బందిపడతారు, పేరుతో పిలవమంటారు. అది ఇప్పటికీ నా నోటికి రాదు, "ఎక్స్‌క్యూజ్ మీ" అని నెట్టుకొస్తున్నా.

కృష్ణా_కెనాల్
నాన్నకి మార్కులు చెప్పకు, "సెకండ్ క్లాస్ అప్పర్" అని చెప్పు. ఏదో పై తరగతిలా వినిపిస్తుంది.

గాల్వే_గాలోడు
వానల గురించి ఎవరూ ఎత్తలేదు, అంటే అందరూ డబ్లిన్ వాళ్ళే. మా గాల్వేకి రండి. గొడుగు ఇక్కడ ఒక్క రోజు సరుకు. తలకి టోపీ ఉన్న మంచి రెయిన్ జాకెట్ కొనుక్కోవాలి, పెన్నీస్ షాపులో చవకది కాదు, కాస్త ఖర్చుపెట్టి. వాన పైనుంచి పడదు, పక్కనుంచి వస్తుంది.

ఈ 2025 జనవరి 24న ఎయోవిన్ తుఫాను. దేశమంతా రెడ్ వార్నింగ్. మా పక్కనే మేస్ హెడ్‌లో గంటకి 180 కిలోమీటర్లు దాటిన గాలి కొలిచారు, ఈ దేశంలో అంతవరకు ఎప్పుడూ అంత కొలవలేదట. మాది దివిసీమ, తుఫాను అంటే నాకేం లెక్క అనుకున్నా. తెల్లవారుజామున ఇంటి కప్పు పెంకులు పేకముక్కల్లా లేచిపోతుంటే మంచం కింద దూరాను. నాలుగు రోజులు కరెంటు లేదు. పొయ్యి కరెంటుదే, హీటర్ కరెంటుదే. పక్కింటి తాతగారు వచ్చి, మీరు వేడివేడిగా ఏమైనా తిన్నారా అని అడిగి, వాళ్ళింట్లో గ్యాస్ పొయ్యి మీద మమ్మల్ని వండుకోమన్నాడు. ఉప్మా చేశాం. ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు. అప్పటిదాకా ఆయనకి హలో తప్ప ఇంకో మాట చెప్పలేదు నేను.

సీసా_సాంబయ్య
ఉప్మా రెండోసారి అడిగిన మనిషి భూమ్మీద ఉన్నాడన్నమాట.

నైట్‌డ్యూటీ_నర్సు
వచ్చే ఆదివారం గడియారం గంట వెనక్కి. ఆ రోజునుంచి సాయంత్రం ఐదుకే చీకటి, డిసెంబర్‌లో నాలుగుం పావుకే. పొద్దున్న ఎనిమిదిన్నరకి గానీ వెలుగు రాదు. నవ్వులాటగా తీసుకోకండి, మొదటి చలికాలం చాలామందికి దిగులు పట్టుకుంటుంది. దానికి పేరు తెలియక నేను పనికిరాను అనుకుంటారు. మధ్యాహ్నం వెలుగున్న అరగంట బయట నడవండి. విటమిన్ డి వేసుకోండి. రెండు వారాలు దాటి నిద్ర లేక, తిండి సయించక ఉంటే కాలేజీలో కౌన్సెలింగ్ ఉచితం, సిగ్గుపడకుండా వెళ్ళండి.

మిర్చీ, ఇండియాతో తేడా ఇప్పుడు నాలుగున్నర గంటలు, ఆదివారం నుంచి ఐదున్నర. నువ్వు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే అక్కడ రెండున్నర. పొద్దున్న బస్సులో చేసుకో.

జ్వరానికీ తలనొప్పికీ నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి రాకండి బాబూ. డాక్టరు చీటీ లేకుండా వస్తే 100 యూరోలు, పైగా రాత్రంతా కుర్చీలో. బయట డాక్టర్ దగ్గరికెళ్తే నాకు 60 అయింది. ముందు మీ కాలేజీ హెల్త్ సెంటర్ చూడండి. మీరు కట్టిన ఇన్సూరెన్స్ చాలావరకు ఆసుపత్రిలో చేరితేనే పనికొచ్చేది, కాగితం ఒకసారి చదవండి.

పాలమూరు_పిట్ట
ఇంకో సంగతి కూడా మాట్లాడుకోవాలి, కొత్త పిల్లలు అడగడానికి భయపడతారు. ఈ జూలైలో డబ్లిన్ శివారు తాలాలో మన ఇండియా అతని మీద జరిగిన దాడి తర్వాత, ఆగస్టు 1న మన ఎంబసీ వాళ్ళు జాగ్రత్తలు చెప్పారు, వేళకానివేళ నిర్మానుష్యంగా ఉన్నచోట్లకి వెళ్ళొద్దని. నా మీద ఒకసారి పిల్లలు గుడ్లు విసిరారు. పద్నాలుగేళ్ళుంటాయేమో. కోటు పాడైంది, అంతకంటే బాధేమిటంటే వారం రోజులు ఆ వీధిలో నడవలేకపోయాను.

రాత్రి బస్సులో పై అంతస్తు ఎక్కకండి, కింద డ్రైవర్ దగ్గర్లో కూర్చోండి. పిల్లల గుంపు కనబడితే వాదనకి దిగకండి, రోడ్డు దాటేయండి. ఏమైనా జరిగితే 999 కానీ 112 కానీ. చిన్నదే కదా అని వదలకుండా గార్డా (ఇక్కడి పోలీసు) స్టేషన్‌లో చెప్పి పల్స్ నంబర్ (ఫిర్యాదు నమోదైన నంబర్) తీసుకోండి. నేను తీసుకోలేదు, ఇప్పటికీ అదే బాధ.

కార్క్_కాకరకాయ
ఇది నిజమే. ఎనిమిదేళ్ళలో నాకు ఒక్కసారీ జరగలేదు, అదీ నిజమే. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

నంద్యాల_నవాబు
బస్సు దిగేటప్పుడు డ్రైవర్‌కి థాంక్యూ చెప్పడం మాత్రం నాకు బాగా నచ్చింది. సెలవలకి ఇంటికెళ్ళినప్పుడు నంద్యాల బస్టాండులో పొరపాటున చెప్పా. డ్రైవర్ భయపడ్డాడు, చిల్లర ఏమైనా ఇవ్వాలా అని.

బోడుప్పల్_బుల్లెట్
స్టూడెంట్ లీప్ కార్డు (ప్రయాణాల కార్డు) తీసుకున్నావా? డబ్లిన్‌లో ఒక యూరోతో 90 నిమిషాలు బస్సు, లువాస్ ట్రామ్, డార్ట్ రైలు మార్చి మార్చి తిరగొచ్చు. మామూలుగా రెండు యూరోలు. మా రూమ్మేట్ నాలుగు నెలలు డబుల్ కట్టాడు, ఫోటో బాగా లేదని కార్డు తీసుకోలేదట.

సీసా_సాంబయ్య
నా పేరు ఎలా వచ్చిందో చెప్తా. ఇక్కడ 2024 ఫిబ్రవరి నుంచి డ్రింకుల ప్లాస్టిక్ సీసాలకీ రేకు డబ్బాలకీ డిపాజిట్ ఉంది. అర లీటరు దాకా 15 సెంట్లు, అంతకంటే పెద్దదానికి 25. ఖాళీవి షాపులో మిషన్‌లో వేస్తే చీటీ వస్తుంది. మా ఇంట్లో పార్టీ అయిన మర్నాడు నేనే మోసుకెళ్తా. పోయిన నెల పాలు, గుడ్లు ఆ చీటీలతోనే. కాకపోతే నలిగిపోయిన డబ్బాని మిషన్ ఒప్పుకోదు. అందుకని పార్టీలో ఎవడైనా డబ్బా నలిపితే నాకు ప్రాణం పోతుంది.

తాడేపల్లి_తాబేలు
నీలాంటివాడు ఇంటికొకడుంటే చాలు.

అర్ధరాత్రి_అసైన్‌మెంట్
తాలింపు సంగతి వదిలేశారు. స్టూడెంట్ అకామడేషన్‌లో ఉండేవాళ్ళు ఎండుమిరపకాయ వేసేముందు తలుపు మూసి, కిటికీ తెరిచి, దేవుణ్ణి తలుచుకోండి. మా బ్లాకులో రాత్రి పదకొండింటికి పొగ అలారం మోగి నూట యాభైమంది చలిలో పైజమాలతో బయట నిలబడ్డారు. పప్పుకి తాలింపు. అది నేనే అని ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు.

కృష్ణా_కెనాల్
ఇప్పుడు చెప్పేశావుగా. ఆ నూట యాభైమందిలో నేనూ ఉన్నా, పైజమా కూడా లేదు.

నెల్లూరు_చేపలపులుసు
జనవరిలో వచ్చేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే: నెయ్యి, పాలకోవా, నాటుకోడి పచ్చడి పెట్టెలో పెట్టుకోకండి. బయటి దేశాలనుంచి మాంసం, పాలతో చేసినవి తీసుకురాకూడదు, యూరప్ మొత్తం అదే రూలు. మా అమ్మ రెండు రోజులు కూర్చుని చేసిన కోడిపచ్చడి నా కళ్ళముందే చెత్తబుట్టలో వేశారు. గోంగూర, ఆవకాయ వచ్చాయి, సీసా మూతకి టేపు వేయనందుకు బట్టలన్నీ ఆవకాయ రంగు.

బోడుప్పల్_బుల్లెట్
ఇంకొకటి, బెల్‌ఫాస్ట్ బస్సు టికెట్ చవగ్గా ఉందని ఎక్కేయకండి. అది యూకే. దారిలో సరిహద్దు కనబడదు, ఎవరూ ఆపరు, దిగాక అన్నీ పౌండ్లలో చూసి తెలుస్తుంది. మన పాస్‌పోర్టుకి వేరే వీసా కావాలి, ఐఆర్‌పీ పనికిరాదు. ఎవరూ ఆపలేదు కదా అని వెళ్ళొచ్చినవాళ్ళున్నారు. తిరుగు బస్సులో చెకింగ్ పడి ఏడ్చినవాణ్ణి కూడా చూశాను.

ప్రాక్టికల్_ప్రసాద్
మీరంతా నన్ను తిట్టారు కాబట్టి చెప్తున్నా. నేను ఆ 35 గంటలు చేస్తూ మొదటి సెమిస్టర్‌లో రెండు పేపర్లు తప్పాను. మళ్ళీ రాయడానికి కట్టిన ఫీజుకి ఆ తొమ్మిది యూరోలు సరిపోలేదు. వచ్చేముందు మా కన్సల్టెన్సీ వాడు, పార్ట్‌టైమ్‌తో ఫీజు, ఖర్చు రెండూ వెళ్ళిపోతాయన్నాడు. వీసాకి 10,000 యూరోలు చూపించింది దేనికో అప్పుడు ఆలోచించలేదు. నాన్న పొలం మీద అప్పు. నెలకి వడ్డీ ఎంతో రోజూ పొద్దున్నే గుర్తొస్తుంది. 20 గంటలకి నిద్రపట్టదు నాకు, అదీ సంగతి.

పదేళ్ళ_పాతకాపు
ప్రసాద్, నాకు విడిగా మెసేజ్ పెట్టు. పేస్లిప్ ఇచ్చే చోటు ఒకటి చూద్దాం, డిసెంబర్ 15 నుంచి ఎలాగూ 40 గంటలు చెయ్యొచ్చు, పండగ రోజుల్లో అందరికీ మనుషులు కావాలి. పేపర్ల సంగతి ముందే చెప్తే మేం అలా కరవకపోదుం కదా.

నైట్‌డ్యూటీ_నర్సు
నా లెక్క వెనక్కి తీసుకుంటున్నా బాబూ. భోజనం చేస్తున్నావా సరిగ్గా?

ప్రాక్టికల్_ప్రసాద్
చికెన్ ఫిల్లెట్ రోల్.

నైట్‌డ్యూటీ_నర్సు
రోజూనా?

ప్రాక్టికల్_ప్రసాద్
రోజూ.

వేదిక_పెద్దక్క
ప్రసాద్, ఆదివారం మా ఇంటికి రా. మిర్చీ, నువ్వు కూడా, మీ ఎలక్ట్రికల్ అమ్మాయిని కూడా తీసుకురా. అడ్రస్ మెసేజ్‌లో పెడతా. పప్పు, వంకాయ కూర, అంతకంటే ఆశించకండి.

ఖమ్మం_మిర్చి
డిసెంబర్ 9. ఈ చర్చ కింద మళ్ళీ రాయాలనిపించింది.

పీపీఎస్ వచ్చింది, బిల్లు కాపీ మీద విజయనగరం అమ్మాయి రాసిచ్చిన రెండు ముక్కలతోనే. పట్టుకున్న డబ్బు మొన్నటి జీతంతో కలిసి వచ్చేసింది. మొదట పొరపాటున ఇంకెవరి జీతమో అనుకున్నా. ఐఆర్‌పీ కార్డు కూడా వచ్చింది, ఫోటోలో దొంగలా ఉన్నాను. రెండో అసైన్‌మెంట్ 66. మాస్టారికి నా పేరేదో చెప్పాను, సారీ అని మూడుసార్లు అన్నాడు.

నాలుగుం పావుకి చీకటి పడటం మాత్రం అలవాటు కాలేదు. పెద్దక్క ఇంటినుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన కరివేపాకు ఫ్రీజర్‌లో పెట్టి రెండేసి రెబ్బలు వాడుకుంటున్నాం.

నాన్న నిన్న మళ్ళీ అడిగాడు, సెటిలయ్యావా అని. ఇంకా లేదు నాన్నా, కానీ వేడినీళ్ళు వస్తున్నాయి అన్నా. ఇన్నాళ్ళూ రావడంలేదా అని గాభరాపడ్డాడు. స్విచ్ కథంతా చెప్పాల్సి వచ్చింది. ఇద్దరం చాలాసేపు నవ్వాం. వచ్చే నెల ఒకటిన ఇంకో ఇంటికి మారుతున్నాను, నలుగురమే.

లిమరిక్_లోకం
నలుగురికి బాత్రూములు ఎన్ని?

ఖమ్మం_మిర్చి
ఒకటిన్నర అని రాశారు ప్రకటనలో. ఆ అర ఏమిటో ఇంకా చూడలేదు.

తాడేపల్లి_తాబేలు
నువ్వు ఖాళీ చేస్తున్న బెడ్ ఎవరైనా తీసుకున్నారా? మా చెల్లి జనవరి 5న దిగుతోంది. ఐదో నంబరైనా పర్లేదు, స్విచ్ సంగతి తనకి చెప్పే పంపిస్తా.